తప్పు చెప్పడానికి వెళ్లేముందు ఏ బైబిలు తెరవాలి? పాత అనువాదంపై ఒక సమీక్ష

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బైబిలు అంటే ఎక్కువగా బైబిల్ సొసైటీ వారి పాత అనువాదమే. ఆరాధనలో చదివేది అదే, కంఠస్థ వాక్యాలు అందులోవే, ప్రార్థనలో నోటికి వచ్చే భాషా అదే. అట్ట, అక్షరాల సైజు, జిప్పు కవరు గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ సమీక్షలో ఒక్క పనినే తీసుకున్నాం. తోటి విశ్వాసి తప్పుదారిలో ఉన్నాడని తెలిసినప్పుడు ప్రేమతో వెళ్లి చెప్పడం ప్రభువు మనకు అప్పగించిన బాధ్యత. ఆ పనికి ఈ పుస్తకం ఎంతవరకు తోడ్పడుతుంది? ఎక్కడ పొరపాటు పడే వీలుంది?

ముందే చెప్పేస్తాం: కావలసిందంతా ఇందులో ఉంది. రిఫరెన్సులున్న ప్రతి, అంటే ఒక వచనం పక్కనే సంబంధిత వచనాల సంఖ్యలు అచ్చువేసినది, దొరికితే ఇంకా మంచిది. కానీ ఒక్క మాటను దాని చుట్టూ ఉన్న వాక్యాలతో కలిపి చదవకపోతే, వెళ్లినవాడు గొడవ పెట్టుకుని వస్తాడు, లేదా వెళ్లకుండానే ఆగిపోతాడు. ఆ మాట "గద్దించుము".

మత్తయి 18:15 పాత అనువాదంలో ఇలా ఉంది: "నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసినయెడల నీవు పోయి, నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు అతనిని గద్దించుము, అతడు నీ మాట వినినయెడల నీ సహోదరుని సంపాదించుకొంటివి." నేటి తెలుగులో గద్దించడం అంటే గొంతు పెంచడం, చివాట్లు పెట్టడం. పైగా ఇదే పుస్తకంలో యేసు గాలిని, సముద్రాన్ని "గద్దించాడు" (మత్తయి 8:26), అపవిత్రాత్మను "గద్దించాడు" (మార్కు 1:25). ఈ వాక్యాలు విని పెరిగినవాడికి సహోదరుణ్ణి గద్దించడమన్నా అలాంటి పనే అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

అసలు గ్రీకులో ఇవి రెండు వేర్వేరు మాటలు. తుఫాను దగ్గర, దయ్యం దగ్గర ఉన్నది "ఎపితిమావో": ఆజ్ఞాపించి అణచడం. మత్తయి 18:15లో ఉన్నది "ఎలెంఖో": జరిగినదాన్ని వెలుగులో పెట్టి, ఎదుటివాడు తానే చూసి ఒప్పుకునేలా చేయడం. ఇది బయటి పండితులు వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు. పాత అనువాదమే మరోచోట దీన్ని చక్కగా పట్టుకుంది. యోహాను 16:8లో పరిశుద్ధాత్మ పాపమును గూర్చి లోకమును "ఒప్పుకొనజేయును" అన్నచోట ఉన్నది ఇదే గ్రీకు క్రియ. యోహాను 8:46లో "నాయందు పాపమున్నదని మీలో ఎవడు స్థాపించును" అన్నచోటా అదే. 2 తిమోతి 4:2లో ఈ రెండు క్రియలూ పక్కపక్కనే వస్తే మొదటిదానికి "ఖండించుము" అని, రెండోదానికి "గద్దించుము" అని రాశారు. అంటే ఒకే క్రియకు ఈ పుస్తకంలో కనీసం నాలుగు తెలుగు మాటలు ఉన్నాయి. అత్యవసరమైన మత్తయి 18 దగ్గరే అన్నిటికంటే గట్టి ధ్వని ఉన్న మాట పడింది. అక్కడ పెన్సిలుతో పక్కన "ఒప్పుకొనజేయుము" అని రాసుకోండి. మీ పని చివాట్లు పెట్టడం నుంచి చూపించడానికి మారుతుంది, చేతిలో పట్టుకెళ్లాల్సినవీ మారతాయి: కోపానికి బదులు ఆధారాలు, ప్రశ్నలు, ఓపిక.

లూకా 17:3లో "అతని గద్దించుము" అన్నచోట మాత్రం గ్రీకులో ఉన్నది గట్టి మాటే. కాబట్టి గద్దింపు అసలే కూడదనలేం. అయితే ఆ వచనం "మీ విషయమై మీరు జాగ్రత్తగా ఉండుడి" అని మొదలై "అతని క్షమించుము" దగ్గర ముగుస్తుంది. గద్దింపు ఆ రెండింటి నడుమ ఉంది.

ఈ అయోమయం అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది యువకులను. 1 తిమోతి 5:1 "వృద్ధుని గద్దింపక తండ్రిగా భావించి" హెచ్చరించమంటుంది. ఒకచోట గద్దించమని, ఇంకోచోట గద్దించవద్దని ఉంటే ఏది వినాలి? ఇక్కడి గ్రీకు మాట మళ్లీ వేరు: మాటలతో కొట్టినట్టు విరుచుకుపడటం. నిషేధం దానిమీదే. పెద్దవాడి తప్పు చెప్పకూడదని పౌలు అనలేదు, తండ్రికి చెప్పినట్టు చెప్పమన్నాడు. తర్వాతి వచనం తల్లులుగా వృద్ధస్త్రీలకు, అన్నదమ్ములుగా యువకులకు, "పూర్ణ పవిత్రతతో" అక్కచెల్లెళ్లుగా యువతులకు చెప్పమంటుంది. మన భాషకు ఇంతకంటే సరిపోయే సలహా ఉండదు. బాబాయి వరస అయ్యేవాడితో మాట్లాడే తీరు, తమ్ముడితో మాట్లాడే తీరు మనకు పుట్టుకతోనే వేరు. ఆ వరసను అలాగే ఉంచి సత్యం చెప్పవచ్చు. ఇంకొక ఆచరణ సంగతి: పురుషుడు స్త్రీ దగ్గరకు, స్త్రీ పురుషుడి దగ్గరకు ఈ పనిమీద ఒంటరిగా వెళ్లాల్సివస్తే తలుపు తీసి ఉన్న గదిలో, ఇంట్లో మనుషులు ఉండగా మాట్లాడండి. లేదా అమ్మగారి లాంటి పెద్దావిడకు ఆ పని అప్పగించండి.

రిఫరెన్సులున్న ప్రతి కొనమనేది ఇందుకే. మత్తయి 18:15 దగ్గర నుంచి మీరు చేరాల్సినవి ముఖ్యంగా రెండు. మొదటిది లేవీయకాండము 19:17. "నీ పొరుగువాని పాపము నీ మీదికి రాకుండునట్లు నీవు తప్పక వానిని గద్దింపవలెను." దీన్ని ఒంటరిగా చదవకండి. ముందు వచనం "కొండెములాడుచు ఇంటింటికి తిరుగకూడదు" అంటుంది. తర్వాతి వచనం "నీవలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అంటుంది. పదిమందికి చెప్పుకుంటూ తిరగకు, లోపల పగ పెట్టుకోకు, నేరుగా అతనికే చెప్పు, ఇదే ప్రేమ. ఈ మూడు వచనాలను కలిపి చదివినవాడు సంఘపు వాట్సాప్ గ్రూపులో "ఫలానా కుటుంబం కోసం ప్రార్థించండి" అని పెట్టి లోపలి సంగతంతా బయటపెట్టడు. ప్రార్థన అంశం రూపంలో నడిచే కొండెం మన సంఘాల్లో మామూలైపోయింది. అది ఆగాలి.

రెండోది గలతీయులకు 6:1. "సాత్వికమైన మనస్సుతో అట్టివానిని మంచి దారికి తీసికొని రావలెను." ఇక్కడ అనువాదం తప్పు కాదు గానీ ఒక అందం జారిపోయింది. అక్కడి గ్రీకు క్రియ మత్తయి 4:21లో జాలరులు వలలు "బాగుచేసికొనుచు" ఉన్నారన్నచోట వాడినదే. తెగిన వలను ఎలా బాగుచేస్తారో కోస్తా తెలుగువారికి చెప్పక్కర్లేదు. తెగినచోటు వెతికి, కన్ను కన్నుగా తాడుతో అల్లుతారు. గట్టిగా లాగితే పక్క కళ్లు కూడా తెగుతాయి. మనిషి విషయంలోనూ ఆ పని అంతే నెమ్మది.

ఇక ఎదుటివారు అడ్డుపెట్టే వాక్యం: "మీరు తీర్పు తీర్చకుడి" (మత్తయి 7:1). దీనికి జవాబు అదే పేజీలో, నాలుగు వచనాల కింద ఉంది. మొదట నీ కంటిలోని దూలము తీసివేసుకో, "అప్పుడు" సహోదరుని కంటిలోని నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది. నలుసు తీయవద్దని కాదు, ముందు ఏది తీయాలో చెబుతోంది. దూలము, నలుసు అన్న మాటలు ఎన్నుకున్న అనువాదకుల చెవిని మెచ్చుకోవాలి. కంట్లో నలుసు పడితే మన ఇళ్లలో కొంగు కొసను మెలిపెట్టి, రెప్ప ఎత్తి, ఊదుతూ మెల్లగా తీస్తారు. తీసేవారి చెయ్యి వణకకూడదు. తీయించుకునేవారు నమ్మి కన్ను తెరవాలి.

వెళ్లడానికి ముందు చేయాల్సినవి ఉన్నాయి. మొదట, ఇది పాపమా, మీకు నచ్చని అలవాటా అని తేల్చుకోండి. ఒక వచనం వేలు పెట్టి చూపించలేకపోతే బహుశా అది నచ్చకపోవడమే. సామెతలు 19:11 "తప్పులు క్షమించుట అట్టివానికి ఘనతనిచ్చును" అంటుంది, చిన్నవి వదిలేయండి. పదేపదే జరుగుతున్నది, ఇంకొకరికి నష్టం చేస్తున్నది, ఆ మనిషినే తినేస్తున్నది అయితే వదలకండి. తర్వాత ఒక కాగితం మీద అయిదు వరుసలకు మించకుండా రాయండి: ఏం జరిగింది, ఎప్పుడు, మీరు కళ్లారా చూసింది ఏది, విన్నది ఏది. విన్నవాటిలో పుకార్లన్నీ కొట్టేయండి. ఏమీ మిగలకపోతే ఇంకా వెళ్లే సమయం కాలేదు.

చోటు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, భోజనాల బల్ల దగ్గర, పిల్లల ముందు, ఫోనులో ఇవి చెప్పకూడదు. వాయిస్ మెసేజ్ అసలే వద్దు, అది ఎవరెవరి చెవిలో పడుతుందో మీ చేతిలో ఉండదు. వారి ఇంటికి, వారికి తీరిక ఉన్న సాయంత్రం, ముందే చెప్పి వెళ్లండి. అరగంట చాలు. ఒక్క తప్పే తీయండి. పాతవన్నీ మూటకట్టి తీసుకెళితే ఎదుటివాడు వాటిలో బలహీనమైనదాన్ని పట్టుకుని మిగతావన్నీ తోసేస్తాడు.

మొదటి మాట ప్రశ్నగా ఉండాలి. యోహాను 7:51లో నీకొదేము అడిగింది అదే: ఒక మనుష్యుని మాట వినకముందు ధర్మశాస్త్రము తీర్పు తీర్చునా? ఉదాహరణకు ఒక విశ్వాసి సంఘంలోని ఒక విధవరాలి దగ్గర చేబదులు తీసుకుని ఏడాదిగా తిప్పుతున్నాడనుకుందాం. చిన్నవాడు పెద్దవాడికి చెప్పే పద్ధతి ఇలా ఉండవచ్చు: "అన్నా, వందనాలు. మీతో ఒక కష్టమైన సంగతి మాట్లాడదామని వచ్చాను, ఇంకెవరికీ చెప్పలేదు. పెద్దమ్మ దగ్గర తీసుకున్న డబ్బు ఇంకా ఇవ్వలేదని ఆమే నాతో అంది. నాకు తెలియనిది ఏమైనా ఉందా అన్నా?" ఇక్కడ ఆగండి. పూర్తిగా వినండి. చాలాసార్లు మీకు తెలియని సంగతి ఒకటి బయటపడుతుంది. తప్పు నిజమేనని తేలితే అప్పుడు: "మీరంటే నాకు గౌరవం అన్నా, అందుకే మీ దగ్గరకే వచ్చాను. ఇది దేవుని ఎదుట సరికాదు. నెలకు ఎంత ఇవ్వగలరో ఇప్పుడే అనుకుందామా? ఆమె దగ్గరకు నేనూ మీతో వస్తాను." ఈ చివరి మాట చాలామంది మరిచిపోతారు. తప్పు చూపించి, సరిదిద్దుకునే దారిలో తోడు నడవకపోతే పని సగంలో ఆగినట్టే. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). క్షమాపణ అడగడం ఒకటి, నష్టం పూడ్చడం ఇంకొకటి. రెండూ మాట్లాడుకోవాలి.

నేరుగా చెబితే వినే స్థితిలో లేనివారి దగ్గర నాతాను ప్రవక్త పద్ధతి చూడండి. 2 సమూయేలు 12లో మొదటి నాలుగు వచనాలూ గొర్రెపిల్ల కథే. దావీదు తన నోటితోనే తీర్పు చెప్పాక గాని "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట రాలేదు. రాజు ఎదుట నిలబడి ఆ మాట అనడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడం. ఇక్కడి పాత తెలుగు ఎంత చిన్నదో అంత పదునుగా ఉంది, దీన్ని మార్చాల్సిన పని లేదు.

వినకపోతే రెండో మెట్టు: "ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపరచబడునట్లు" ఒకరినిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లడం. ద్వితీయోపదేశకాండము 19:15 నుంచి వచ్చిన నియమం ఇది. ఎక్కడ చెడుతుందంటే, మన పక్షం వారినే తీసుకెళతాం. సాక్షి మీ బలగం కాదు. ఎదుటివాడు నమ్మే మనిషినే ఎన్నుకోండి. ఆ సాక్షి అంతా విని "తప్పు నీదే" అని మీతో అంటే అంగీకరించే మనసు ఉంటేనే పిలవండి. మత్తయి 18లోనే 20వ వచనం, "ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడియుందురో", ప్రార్థన కూటానికి జనం తక్కువ వచ్చినప్పుడు మనం చదువుకునే వాక్యం. అది అసలు ఉన్నది ఈ సందర్భంలో. తప్పు తేల్చే ఆ కష్టమైన గదిలో తాను ఉంటానని ప్రభువు ఇచ్చిన మాట అది. భయంతో కాళ్లు వణికేవారికి ఇది చాలా ధైర్యం.

సంఘపు పెద్ద మీదనో, పాస్టరు గారి మీదనో ఆరోపణ అయితే 1 తిమోతి 5:19, 20 రెండూ కలిపి చదవాలి. సాక్షులు లేకుండా అంగీకరించవద్దు, నిరూపణ అయితే అందరి ఎదుట. మొదటిది పెద్దను పుకారు నుంచి కాపాడుతుంది, రెండోది సంఘాన్ని పెద్ద నుంచి కాపాడుతుంది. "అభిషిక్తుని ముట్టవద్దు" అని ఈ రెండింటినీ నోరుమూయించడం వాక్యానికి చేసే అన్యాయం. అంతియొకయలో పౌలు కేఫానే, అంటే పేతురునే, "ముఖాముఖిగా" ఎదిరించాడు (గలతీ 2:11), అది కూడా అందరి ఎదుట, ఎందుకంటే కేఫా చేసింది అందరి ఎదుటే.

ఇక్కడ ఒక హద్దు గట్టిగా చెప్పాలి. భార్యను కొట్టడం, పిల్లల మీద లైంగిక దాడి లాంటి వాటికి "నీవును అతడును ఒంటరిగా" అన్న మెట్టు వాడకూడదు. బాధితురాలిని కొట్టినవాడి ఎదుట ఒంటరిగా కూర్చోబెట్టడం మత్తయి 18 కాదు. పిల్లల సంగతైతే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, సంఘ పెద్దలకూ మినహాయింపు లేదు. పిల్లలకు 1098, మహిళలకు 181, అత్యవసరానికి 112. రోమా 13:4 అధికారులను "దేవుని పరిచారకులు" అంటుంది. సంఘపు క్రమశిక్షణ ఆ తర్వాత పక్కనే నడవవచ్చు, చట్టానికి బదులుగా మాత్రం కాదు.

చివరి మెట్టు దగ్గర పాత అనువాదంతో ఇంకో ఇబ్బంది ఉంది. 1 కొరింథీ 5:13లో "వెలివేయుడి". గ్రీకులో ఉన్నది "మీ మధ్యనుండి తీసివేయండి" అన్న భావం. తెలుగులో "వెలి" అనగానే ఊరి బయటి వాడ కళ్ల ముందుకు వస్తుంది. 1878లో ఒంగోలు చుట్టుపక్కల వేలాదిగా బాప్తిస్మం తీసుకున్న మాదిగ కుటుంబాలు ఆ వెలి నుంచి తప్పించుకుని సంఘంలో చోటు దొరికిందని వచ్చినవారు. వారి మనుమలకు, మునిమనుమలకు సంఘంలోనే ఆ మాట వినిపిస్తే అది తగిలే చోటు వేరు. పౌలు చెప్పిన క్రమశిక్షణ నిజమైనదే, దాన్ని నీరుగార్చలేం. కానీ దాన్ని చదివి వినిపించే పెద్ద ఆ తేడాను విప్పి చెప్పాలి: ఇది పుట్టుకను బట్టి కాదు, శాశ్వతం కాదు, మనిషి తిరిగి రావాలని చేసేది. 2 కొరింథీ 2లో, శిక్ష చాలు, అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించండి, "మీ ప్రేమను స్థిరపరచవలెను" అని పౌలే రాశాడు. మత్తయి 18:17లో "అన్యునిగాను సుంకరిగాను" (సుంకరి అంటే పన్ను వసూలు చేసేవాడు) ఎంచుకోమన్న మాటనూ అలాగే చదవాలి. దాన్ని మనకు అందించిన సువార్తికుడే "సుంకరియైన మత్తయి" (10:3). ప్రభువు అతని ఇంట భోజనానికి కూర్చున్నాడు.

ముద్రణలో కనబడని ఇంకో రెండు సంగతులు. మత్తయి 18:15లో "నీయెడల" అన్న మాట నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులైన వాటికన్, సీనాయి ప్రతుల్లో లేదు. కాబట్టి "నాకు చేయలేదు కదా, నాకెందుకు" అనడానికి ఆ ఒక్క మాట మీద ఆధారపడకండి, గలతీ 6:1 ఎలాగూ ఆ తలుపు మూసింది. రెండోది, 18:22లోని "డెబ్బది ఏళ్ల మారులు". ఇప్పటి పిల్లలు దీన్ని డెబ్బై సంవత్సరాలని చదువుతున్నారు. ఇది ఎక్కాల భాష: రెండేళ్లు పద్నాలుగు అన్నట్టు, డెబ్బై ఏడులు, అంటే ఏడును డెబ్బైసార్లు. సండే స్కూలు టీచర్లు దయచేసి ఇక్కడ ఆగి చెప్పండి. వెంటనే వచ్చే పదివేల తలాంతుల ఉపమానంలోనూ లెక్క వేసి చూపించండి. రాజు తన దాసుడికి వదిలేసిన ఆ అప్పు, తలాంతుకు ఆరువేల దేనారముల చొప్పున, ఆరు కోట్ల దేనారములు. ఆ దాసుడికి తోటి దాసుడు బాకీపడింది నూరు. ఆరు లక్షలలో ఒక వంతు. తప్పు చెప్పడానికి బయలుదేరినవాడు దారిలో గుర్తుచేసుకోవాల్సిన లెక్క ఇది.

కొనేవారికి: పాత అనువాదం మారదు, మార్చనక్కర్లేదు. రిఫరెన్సులున్న ప్రతి, కుట్టు బైండింగుది తీసుకోండి. జిగురుతో అంటించినవి మత్తయి 18 లాంటి తరచూ తెరిచే పేజీల దగ్గరే ముందు విడిపోతాయి. పక్కన వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదం ఒకటి ఉంచుకోండి. యూవర్షన్ యాప్‌లో తెలుగువి ఒకటికంటే ఎక్కువ ఉచితంగా ఉన్నాయి. "గద్దించు", "ఖండించు", "బుద్ధి చెప్పు" అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా రెంటినీ సరిపోల్చండి. వెళ్లేది కాగితం బైబిలుతోనే వెళ్లండి. ఫోను తెరిస్తే ఎదుటివాడికి రికార్డు చేస్తున్నారేమోనన్న అనుమానం వస్తుంది. వాక్యం చూపించాల్సివస్తే పుస్తకం అతని చేతికిచ్చి అతన్నే చదవమనండి.

మార్జిన్లలో వచనాల సంబంధాలు ఎన్నైనా రాసుకోండి గానీ మనుషుల పేర్లు, తారీఖులు రాయకండి. ఆ బైబిలు రేపు మీ పిల్లల చేతికి వెళుతుంది, సంఘంలో పక్కవారు అడిగి తీసుకుంటారు. అయిదు వరుసలు రాసుకున్న ఆ కాగితాన్ని సంగతి తీరిన రోజే చింపేయండి.